మూడు రోజుల హైదరాబాద్: ఎలా తిరగాలి, ఏం తినాలి, ఎక్కడ కొనాలి

"మూడు రోజులకి హైదరాబాద్ వస్తున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని చుట్టాల దగ్గర్నుంచి పరిచయం లేనివాళ్ల దాకా అడుగుతూనే ఉంటారు. చూడాల్సిన చోట్ల పేర్లు అందరికీ తెలుసు, ఏ చోటు తర్వాత ఏ చోటు అన్న వరసే చాలామందికి తెలియదు. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం హైటెక్ సిటీ, సాయంత్రం గోల్కొండ అని రాసుకొచ్చినవాళ్లు రోజులో సగం కార్లోనే గడిపి, ఆ అలసటతో రాత్రి హోటల్ పక్కన దొరికిందేదో తిని పడుకుంటారు.

అందుకే ఈ గైడ్ అంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: ఒక రోజుకి ఊళ్లో ఒక్క వైపే. అటువైపు చూడాల్సినవి, తినాల్సినవి, కొనాల్సినవి ఆ రోజే ముగించుకుని రావాలి.

1. టికెట్లు తీసే ముందు క్యాలెండర్ చూడండి

శుక్రవారం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం తెరవరు. పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం చార్మినార్ చుట్టూ జనం బాగా ఉంటారు. పాతబస్తీని శుక్రవారం తప్ప ఏ రోజైనా పెట్టుకోండి.

పిల్లలుంటే ఇంకోటి, జూపార్కుకి సోమవారం సెలవు.

హోల్‌సేల్ బజార్లకి వెళ్లాలనుకుంటే ఆదివారం వద్దు. బేగంబజార్‌లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఆ రోజు చాలా షట్టర్లు దించే ఉంటాయి. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం ఆదివారమే కావాలి, ఎందుకంటే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచేది ఆ రోజే.

రంజాన్ నెల సంగతి వేరు. పగలు పాతబస్తీలో తిండి దొరకడం కష్టం, రాత్రి మాత్రం బజారంతా వెలిగిపోతూ తెల్లవారుజాము దాకా నడుస్తుంది. హలీమ్ కోసమే వచ్చేవాళ్లు ఆ నెలలోనే రావాలి. వినాయక నిమజ్జనం రోజు హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, ఆ రోజు క్యాబ్‌ని నమ్ముకుని రైలు పెట్టుకోకండి.

బయల్దేరే ముందు చెక్‌లిస్ట్:
- పాతబస్తీ రోజు శుక్రవారం పడలేదు కదా
- ఒరిజినల్ ఐడీ కార్డు (ఎందుకో 5లో చెప్తాను)
- చిల్లర: పది, ఇరవై, యాభై నోట్లు
- గాజుల కొలత కోసం ఇంట్లో సరిగ్గా పట్టే పాత గాజు ఒకటి
- నడవడానికి అలవాటైన చెప్పులు, కొత్తవి వద్దు

2. గది ఎక్కడ తీసుకోవాలి

అద్దె తక్కువని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన గది తీసుకుంటే మిగిలిన డబ్బంతా క్యాబ్‌లకే పోతుంది. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉండాలి, అంతే. నా ఓటు అమీర్‌పేట, పంజగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి వరసకి. ఇవన్నీ ఒకే లైను మీద ఉన్నాయి, ఊరికి నడిమధ్యలో ఉన్నాయి, రాత్రి తొమ్మిది దాటాక కూడా చుట్టూ తిండి దొరుకుతుంది.

బుక్ చేసే ముందు మ్యాప్‌లో హోటల్ నుంచి స్టేషన్‌కి కారు దారి కాకుండా నడక దారి పెట్టి చూడండి. పది నిమిషాలు దాటితే వేరేది వెతకండి.

3. ఊళ్లోకి వచ్చేటప్పుడు ముందే దిగండి

బస్సులో వచ్చేవాళ్లకి బాగా పనికొచ్చే చిట్కా ఇది. బస్సు ఆఖరి స్టాప్ దాకా కూర్చోవాల్సిన పని లేదు, సామాను మరీ ఎక్కువ లేకపోతే ఊరి అంచులోనే మెట్రో అందుకోవచ్చు.

- విజయవాడ, సూర్యాపేట వైపు నుంచి: ఎల్‌బీనగర్‌లో దిగి రెడ్ లైన్
- వరంగల్ వైపు నుంచి: ఉప్పల్‌లో దిగి బ్లూ లైన్
- కరీంనగర్ వైపు నుంచి: జేబీఎస్‌లో (జూబ్లీ బస్ స్టేషన్) దిగి గ్రీన్ లైన్
- ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చేస్తే: రెడ్, గ్రీన్ రెండూ అక్కడే ఉన్నాయి
- సికింద్రాబాద్ రైల్వే స్టేషన్: బ్లూ లైన్‌కి సికింద్రాబాద్ ఈస్ట్, గ్రీన్ లైన్‌కి సికింద్రాబాద్ వెస్ట్
- నాంపల్లి రైల్వే స్టేషన్: రెడ్ లైన్ నాంపల్లి

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి మెట్రో లేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి, ఒకరిద్దరైతే అవే మేలు. నలుగురుంటే క్యాబ్ తీసుకోండి, తలకి లెక్కేస్తే పెద్ద తేడా రాదు.

4. మెట్రో: మూడు లైన్లు, మూడు మార్పిడులు

రెడ్ లైన్ మియాపూర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా, బ్లూ లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా, గ్రీన్ లైన్ జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా. రెడ్, బ్లూ అమీర్‌పేటలో కలుస్తాయి. రెడ్, గ్రీన్ ఎంజీబీఎస్‌లో. బ్లూ, గ్రీన్ పరేడ్ గ్రౌండ్‌లో. ఇంతకు మించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు.

అమీర్‌పేటలో లైను మారేటప్పుడు కొత్తవాళ్లు జనంతో పాటు గేటు దాటి బయటికి వెళ్లిపోతారు, అలా వెళ్తే మళ్లీ టికెట్ కొనాలి. బయటికి వెళ్లకుండా లోపలే మెట్లో, ఎస్కలేటరో పట్టుకుని వేరే అంతస్తులోని ప్లాట్‌ఫామ్‌కి వెళ్లాలి. టికెట్ మాత్రం మొదటి స్టేషన్‌లోనే చివరి స్టేషన్ దాకా తీసుకోండి. అమీర్‌పేటలో పొద్దున, సాయంత్రం ఆఫీసుల టైంలో అడుగు పెట్టే సందు ఉండదు, పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఉదయం పదకొండు తర్వాత బయల్దేరండి.

స్టేషన్‌లో దిగాక ఏ వైపు మెట్లు దిగుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఇక్కడ చాలా కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. మీరు రోడ్డుకి తప్పు వైపు నిలబడి ఆటో బుక్ చేస్తే అది ఎక్కడో దూరంగా తిరిగి రావాలి, పది నిమిషాలు అక్కడే అయిపోతాయి. స్టేషన్ పైనుంచే రోడ్డు దాటి, వెళ్లాల్సిన దిక్కు వైపు దిగి, అప్పుడు ఫోన్ తీయండి.

5. బస్సు, ఆటో, క్యాబ్

తెలంగాణ ఆడవాళ్లకి 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. కానీ తెలంగాణ అడ్రస్ ఉన్న ఒరిజినల్ ఐడీ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కండక్టర్ ఒప్పుకోకపోవచ్చు. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లు టికెట్ కొనాల్సిందే, అక్కడి ఉచిత బస్సు పథకం ఇక్కడ వర్తించదు. మెట్రో డీలక్స్‌లో ఎవరైనా డబ్బు కట్టాలి. ఎక్కే ముందు బస్సు ముందు బోర్డు మీద ఏ రకమో చదవండి.

మగవాళ్లు రోజంతా బస్సుల్లోనే తిరిగేట్టుంటే కండక్టర్‌ని "ట్రావెల్ యాజ్ యు లైక్ పాస్ ఉందా అన్నా" అని అడగండి, ఒక్కసారి కొంటే రోజంతా ఎన్ని బస్సులైనా ఎక్కొచ్చు.

ఆటోలో మీటర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ముందు యాప్‌లో ఆ దూరానికి ఎంత చూపిస్తోందో చూసుకోండి, తర్వాత ఆపిన ఆటోతో మాట్లాడండి. "భయ్యా, మదీనా దగ్గర దింపాలి, ముగ్గురం, ఎంత తీసుకుంటారు?" అని చోటు, మనుషుల లెక్క, డబ్బు మూడూ ఎక్కకముందే తేల్చుకోవాలి. దిగాక ఇద్దరే అనుకున్నాను, లగేజీ ఉందని చెప్పలేదు అనే గొడవలన్నీ ఇక్కడ మాట్లాడకపోవడం వల్లే వస్తాయి.

యాప్‌లో బుక్ చేసి డ్రైవర్‌తో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మెట్రో పిల్లర్ నంబర్ చెప్పండి. ఈ ఊళ్లో సగం అడ్రస్‌లు అలాగే చెప్పుకుంటారు. ప్రతి స్తంభం మీద నంబర్ రాసి ఉంటుంది, డ్రైవర్‌కి షాపు పేరు తెలియకపోయినా పిల్లర్ నంబర్ మాత్రం వెంటనే తెలుస్తుంది. బండి నంబర్ ప్లేట్ సరిపోలాక, లోపల కూర్చున్నాకే ఓటీపీ చెప్పండి.

నలుగురు కలిసి మధ్యాహ్నం పూట వెళ్తుంటే క్యాబ్, సాయంత్రం అయిదు దాటాక ఎంతమందైనా మెట్రో. ఆ టైంలో మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద కారెక్కడం అంటే సాయంత్రాన్ని వదిలేసుకోవడమే.

6. ఏ రోజు ఎటు

పాతబస్తీ రోజు. మెట్రోలో ఎంజీబీఎస్ దిగండి. అక్కణ్నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం సుమారు కిలోమీటరు. పది గంటలకి తలుపులు తీస్తారు, ఆ టైంకే ఉంటే హాయిగా చూడొచ్చు. బ్యాగులు బయట అప్పజెప్పాలి కాబట్టి చిన్న పర్సు చాలు. లోపల అన్ని గదులూ తిరగాలనే పంతం వద్దు, ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహం చూసి, పన్నెండుకి కాస్త ముందు గడియారం దగ్గరికి చేరండి. గంట కొట్టడానికి చిన్న బొమ్మ బయటికొస్తుంది, పన్నెండింటికి పన్నెండు గంటలూ వినొచ్చు. ఆ టైంలో జనం ముందే వచ్చి కూర్చుంటారు.

అక్కణ్నుంచి మదీనా (చార్మినార్‌కి ముందొచ్చే కూడలి) దగ్గర భోజనం, తర్వాత చౌమహల్లా, నాలుగున్నర అయిదుకి చార్మినార్. ఈ వరస తిప్పేస్తే ఇబ్బంది, ఎందుకంటే మ్యూజియం, ప్యాలెస్ సాయంత్రానికే మూసేస్తారు, చార్మినార్ పక్కనున్న గాజుల బజారు లాడ్‌బజార్ మాత్రం చీకటి పడ్డాకే బాగుంటుంది. చార్మినార్ చుట్టూ బండ్లు తిరగనివ్వరు. మదీనా దగ్గర దిగి పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా నడవండి, ఆ నడకే ఆ రోజుకి అసలు సంగతి.

గోల్కొండ, పడమటి వైపు రోజు. కోటకి మెట్రో లేదు, క్యాబ్‌లో తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి. పైదాకా సుమారు 360 మెట్లు, ఎండాకాలం పదకొండు దాటితే రాయి కాలిపోతుంది. తలా ఒక లీటరు నీళ్లు కింద నుంచే తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైకి లాక్కెళ్లకుండా కింద చప్పట్ల ద్వారం దగ్గర కూర్చోబెట్టి, మిగతావాళ్లు ఎక్కి రావొచ్చు, కింద కొట్టిన చప్పట్లు పైన వినిపిస్తాయి, అందరికీ సరదాగా ఉంటుంది. తర్వాత దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు, అవి కోట కన్నా ప్రశాంతంగా ఉంటాయని నా అభిప్రాయం. మధ్యాహ్నం శిల్పారామం, చీకటి పడ్డాక దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, తిరిగి రావడానికి అక్కడి మెట్రో.

కోటలో రాత్రి సౌండ్ అండ్ లైట్ షో కూడా చూడాలంటే ఈ క్రమం తిప్పండి: ముందు శిల్పారామం, తర్వాత సమాధులు, సాయంత్రం కోట. తెలుగు షో ఏ రోజో ముందే కనుక్కోండి.

నడిమి ఊరు రోజు. అసెంబ్లీ దగ్గర దిగి పొద్దునే బిర్లా మందిర్. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, మధ్యాహ్నం గుడి మూసేస్తారు. కోఠి, అబిడ్స్ షాపింగ్ మధ్యాహ్నం. సాయంత్రం లుంబినీ పార్కు నుంచి బోటులో హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడి దగ్గరికి.

రామోజీ ఫిల్మ్ సిటీని ఈ మూడింట్లో దేనికీ అతికించకండి. అది పూర్తి రోజు పని, ఎల్‌బీనగర్ దాటి ఇంకా చాలా దూరం పోవాలి. కావాలంటే నాలుగో రోజు పెట్టుకోండి.

7. తిండి: టైం ముఖ్యం

బిర్యానీ తినాల్సింది మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య. అప్పుడే దమ్ తీసిన హండీ నుంచి వస్తుంది. సాయంత్రం నాలుగింటికి వెళ్తే అదే హోటల్‌లో అదే ప్లేటు ఎండిపోయి ఉండొచ్చు, తర్వాత "హైదరాబాద్ బిర్యానీ ఇంతేనా" అని తిట్టుకోవడం అన్యాయం.

ప్లేటు రాగానే పైనున్న తెల్లన్నం చూసి సాలన్ (పక్కనిచ్చే పులుసు) కుమ్మరించేయకండి. మసాలా, ముక్క అడుగున ఉంటాయి. పక్కనుంచి గరిటె పెట్టి అడుగుదాకా తీసి, పై అన్నంతో కలుపుకుని రెండు ముద్దలు ఉత్తదే తినండి, అప్పుడు మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ ఎంత కావాలో తెలుస్తుంది. ఆర్డర్ చెప్పేటప్పుడు కూడా తొందరొద్దు. చాలా హోటళ్లలో సింగిల్ బిర్యానీ మామూలుగా తినే ఇద్దరికి సరిపోతుంది. నలుగురికి నాలుగు చెప్పి సగం వదిలేసే కుటుంబాలు ప్రతి టేబుల్ దగ్గరా కనిపిస్తాయి. ముందు రెండు చెప్పండి, చాలకపోతే ఇంకోటి.

ఇరానీ చాయ్‌కి సాయంత్రం నాలుగు, అయిదు మంచి వేళ. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ దగ్గర నిలబడి తాగొచ్చు. చాయ్‌లో చక్కెర ముందే కలిసి ఉంటుంది కాబట్టి చక్కెర లేకుండా కావాలంటే చాలాచోట్ల కుదరదు, షుగర్ ఉన్నవాళ్లు ముందే అడగండి. ఉస్మానియా బిస్కెట్ తీపి, ఉప్పు కలిసి ఉంటుంది, చాయ్‌లో ముంచాక ఎక్కువసేపు ఉంచితే విరిగి అడుక్కి పోతుంది.

నిహారీ, పాయా (మాంసం, కాళ్లతో చేసే పులుసులు) పొద్దున పూట తిండి. పాతబస్తీలో తెల్లవారాక కొద్ది గంటల్లోనే అయిపోతాయి, పదింటికి వెళ్లి లేదంటే వాళ్ల తప్పు లేదు. తీపికి ఖుబానీ కా మీఠా, డబల్ కా మీఠా రెండూ ఒక్కోటి తెప్పించుకుని పంచుకోండి. హలీమ్ రంజాన్‌లో తినాలి, దానికి 2010లో జీఐ (ఫలానా ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది.

శాకాహారులు బెంగపడక్కర్లేదు. కోఠిలో గోకుల్ చాట్, పొద్దున్నే వీధి చివర ఇడ్లీ, దోశ బండ్లు, మధ్యాహ్నం ఆంధ్రా మీల్స్ హోటళ్లు ఉన్నాయి. బిర్యానీ హోటల్‌లో వెజ్ బిర్యానీ తినాలంటే వంటపాత్రలు వేరేనా అని అడగండి, సూటిగానే చెప్తారు.

8. షాపింగ్: చూసి, తాకి, అప్పుడు కొనండి

లక్క గాజులు. లాడ్‌బజార్‌లో మొదటి షాపులోనే కొనొద్దు. మూడు షాపుల్లో ధర అడిగి అప్పుడు బేరం మొదలుపెట్టండి. మీరు చెప్పిన రేటుకి వాళ్లు సరే అంటే మాత్రం తీసుకోవాల్సిందే, ఒప్పుకున్నాక వెళ్లిపోవడం మర్యాద కాదు.

సైజు దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. 2.4 అంటే రెండు అంగుళాల మీద పదహారులో నాలుగు వంతులు, అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు. 2.6, 2.8 కూడా అదే లెక్క. లక్క గాజు సాగదు, గాజు గాజుల్లా సన్నగానూ ఉండదు, మందం వల్ల చేతికి బిగుతుగా అనిపిస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత గాజుని దీని లోపల పెట్టి చూడండి. అనుమానంగా ఉంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి.

తర్వాత జత మొత్తాన్ని వెలుతురులో తిప్పుతూ చూడాలి. ఈ గాజుల్లో రాళ్లని వేడి మీద మెత్తబడ్డ లక్కలో ఒక్కొక్కటిగా అద్దుతారు. చూపుడు వేలు రాళ్ల మీద నుంచి మెల్లగా జరపండి, సరిగ్గా కూర్చోని రాయి గోరుకి తగులుతుంది. లోపలి వైపు రెండు కొసలు కలిసిన అతుకు నున్నగా ఉండాలి, అక్కడ సన్నని గీత కనిపిస్తే ఆ గాజు మార్చమనండి. షాపులో ఉండగా అడిగితే వెంటనే మారుస్తారు, బయటికొచ్చాక ఎవరూ ఒప్పుకోరు.

ముత్యాలు. పత్తర్‌గట్టి వైపు పాత షాపులున్నాయి. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ పెంచిన ముత్యాలే, అందులో మోసమేమీ లేదు, ప్లాస్టిక్‌ని ముత్యమని అంటగడితేనే మోసం. ముత్యాన్ని పళ్ల అంచుకి మెల్లగా రుద్దితే సన్నని ఇసుకలా గరుకుగా తగలాలి, నున్నగా జారితే నకిలీ. రంధ్రం చుట్టూ పూత పెచ్చులుగా లేస్తోందేమో చూడండి. దండ గుచ్చించుకుంటే ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయించుకోండి, తెగినా ఒకటే రాలుతుంది. బిల్లు లేకుండా కొనొద్దు.

పోచంపల్లి ఇక్కత్. చీర తిరగేసి చూడండి. నూలుకి ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి వెనక కూడా డిజైన్ అంతే స్పష్టంగా ఉండాలి. వెనక వెలిసినట్టుంటే అది ప్రింటు. బేరం చేతకానివాళ్లకి ప్రభుత్వ చేనేత షోరూమ్‌లు నయం.

పాతబస్తీ షాపులు పొద్దున ఆలస్యంగా తెరుస్తారు. పదకొండుకి ముందు వెళ్లి ఎదురుచూడొద్దు.

9. ఇలా జరిగితే ఏం చేయాలి

- మధ్యలో క్యాబ్ దొరకట్లేదు: దగ్గర్లోని మెట్రో స్టేషన్ దాకా షేర్ ఆటో ఎక్కండి, రెండు స్టేషన్లు వెళ్లి అక్కణ్నుంచి బుక్ చేయండి.
- వాన మొదలైంది: వెంటనే రోడ్డెక్కకండి. గట్టి వాన కురిశాక రోడ్ల మీద నీళ్లు నిలుస్తాయి, గంటసేపు షాపులోనో హోటల్‌లోనో ఆగి మెట్రో పట్టుకోండి.
- చార్మినార్ జనంలో మనుషులు విడిపోయారు: ఆ మోతలో ఫోన్ వినపడదు. పొద్దునే "తప్పిపోతే గుల్జార్ హౌజ్ దగ్గర" అని ఒక చోటు అనుకోండి.
- కడుపు బాగాలేదు: ఐసు వేసిన జ్యూసులు, కోసి ఉంచిన పండ్లు ఆపేయండి, మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ తీసుకోండి, ఆ పూట పెరుగన్నం చాలు.

10. తిరుగు ప్రయాణం

టికెట్ మీద స్టేషన్ పేరు ముందు రోజు రాత్రే మళ్లీ చదవండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి, అలవాటు కొద్దీ సికింద్రాబాద్ వెళ్లి నిలబడితే రైలు దొరకదు. చర్లపల్లికి మెట్రో లేదు. మెట్రోలో ఉప్పల్ గానీ హబ్సిగూడ గానీ వెళ్లి అక్కణ్నుంచి ఆటో తీసుకోండి, నడిమి ఊరి నుంచి రెండు గంటల ముందు కదలండి. సాయంత్రం రైలైతే ఇంకో అరగంట కలుపుకోండి.

గాజుల డబ్బాని చేతి బ్యాగులో బట్టల మధ్య పెట్టండి. ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేస్తే లక్క మెత్తబడి రాళ్లు కదులుతాయి. ఉస్మానియా బిస్కెట్లు మాత్రం బయల్దేరే రోజే కొనండి, ముందే కొంటే మెత్తబడిపోతాయి.